యంత్రం ముక్కు మూసుకుపోయిన రోజు

మిత్రులారా, నా ఊపిరి తగిలి తిరువళ్ళూరులో ఒక యంత్రం మూర్ఛపోయిందని మీ చెవిన పడే ఉంటుంది. ఆ కథను మా బావ ఎలా చెప్పుకుంటూ తిరుగుతున్నాడో నాకు తెలుసు. జరిగింది వేరు. అందుకే, టీ చల్లారేలోపు, స్వయంగా విన్నవించుకుంటున్నాను.

అసలు ఆ యంత్రం ఒకటి ఉందని నాకెలా తెలిసిందో ముందు చెప్పాలి. నాకు చెప్పింది మా బావ మునిరత్నం నాయుడు, నా భార్యకు అన్నగారు. ఆయనకు చెప్పింది తిరువళ్ళూరు స్టేషన్ బయట మందుల షాపాయన. షాపాయనకు చెప్పింది ఆ యంత్రాన్ని తెచ్చిన డాక్టరమ్మ. అంటే నాకు చేరేసరికి అది మూడో నోటి మాట. జీవితమంతా ప్రభుత్వ ఆఫీసులో గడిపినవాణ్ణి, అలాంటి మాటను నేను ఫైల్లో పెట్టనివ్వను. కానీ అప్పుడు నా అవసరం అలాంటిది.

కొంతకాలంగా నాకు కడుపులో మంట. అదే సమయంలో మా మనవరాలు చిట్టికి తిరుత్తణి కొండ మీద అన్నప్రాశన నిశ్చయమైంది. మొదటి ముద్ద తాతగారు పెట్టాలి. ఆ తాతను నేనే! పట్టుపంచె కూడా ఇస్త్రీ చేయించాను. అప్పుడు మా అమ్మాయి హేమ ఫోన్‌లో ఏదో చదివి వచ్చింది.

"నాన్నా, ఈ మంట కడుపులో బాక్టీరియా వల్ల కూడా వస్తుందంట. ఎంగిలి చేతుల నుంచి పిల్లలకు అంటుకోవచ్చంట. టెస్ట్ చేయించుకో. రిపోర్ట్ క్లీన్‌గా ఉంటేనే నువ్వు ముద్ద పెట్టేది."

"నా చేతి ముద్ద తినే కదమ్మా నువ్వు పెరిగినావు!"

"అందుకేనేమో నాకూ ఎసిడిటీ."

ఇంత మాట! అయినా మనవరాలి కోసం మింగాను. గొంతులో ట్యూబ్ దింపి చూస్తామని స్థానిక వైద్యుడు అన్నాడు. దాన్ని మాత్రం మింగలేనని చెప్పి వచ్చేశాను. అప్పుడే బావ ఈ వార్త తెచ్చాడు.

"బావా, ట్యూబూ వద్దు, సూదీ వద్దు. ఊదితే చాలంట. ఆ క్రిములుంటే వాటి ఆవిర్లు మన ఊపిరిలో కలిసి బయటికొస్తాయంట. మన ముక్కుకు తెలీదు గానీ మిషన్ పట్టేస్తుందంట."

"రోడ్డు మీద పోలీసులు తాగినవాళ్ళ చేత ఊదిస్తారే, అట్లనా?"

"అట్లనే. ఇక్కడ ఫైన్ ఉండదు, అంతే."

నియమం ఒక్కటే: రాత్రి భోజనం తరువాత ఏమీ తినకూడదు, తాగకూడదు. ఆ నియమాన్ని నేనెంత నిష్ఠగా పాటించానో వినండి. పొద్దున పళ్ళకు పేస్ట్ తాకనివ్వలేదు. కాఫీ వాసన నా దరికి రాకుండా వంటింటి తలుపు వేయించాను. మా ఆవిడ "ఇంత చేస్తే మోక్షమే వస్తుంది" అంది. నేను బదులు చెప్పలేదు. మాట్లాడితే ఊపిరి వృథా అవుతుందని.

మా ఇంట్లో ఏ ముఖ్యమైన పని మీద వెళ్ళినా ముందు తిరుత్తణి కొండెక్కి మురుగన్ స్వామిని చూడాలి. బావా నేనూ ఎక్కాము. దివ్యమైన దర్శనం. అయ్యగారు తీర్థమిచ్చారు. చెరొక దొప్ప పంచామృతం ఇచ్చారు. బావ తీర్థాన్ని తల మీద చల్లుకుని, తన దొప్ప నా చేతిలో పెట్టాడు.

"నాకు షుగర్ కదా బావా. నా వాటా కూడా నువ్వే తీసుకో. ప్రసాదం పారెయ్యకూడదు."

తీసుకున్నాను. భక్తి కొద్దీ రెండు దొప్పలూ నాకాను కూడా.

ఎవరది నవ్వుతున్నది? దయచేసి ఆగండి! ప్రసాదాన్ని తిండి అని మన ఇళ్ళలో ఎవరైనా అన్నారా? ఉపవాసమున్నవాళ్ళు గుడికెళ్ళి ప్రసాదం వద్దంటారా? నాకు ఆ ఆలోచనే రాలేదు. లోకల్ ట్రైన్ ఎక్కి, మనశ్శాంతితో తిరువళ్ళూరులో దిగాను.

అక్కడ ఒక హాలు. హాలు నిండా పస్తున్న జనం. బల్ల మీద చిన్న పెట్టె, దానికొక గొట్టం. బావ నాకు తోడొచ్చినవాడు. అయినా "నేనూ పస్తే కదా, ఊదేస్తా" అంటూ ముందు తానే ఊదాడు. తెర మీద గీత బుద్ధిగా పడుకుంది. స్టేషన్ బోండాలతో పోషించిన ఆ కడుపు నార్మలట!

నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుని ఊదాను. పెట్టె కీచుమంది. గీత పైకి లేచింది. లేచింది, లేచింది, తెర అంచు దాటిపోయి మళ్ళీ దిగి రాలేదు.

డాక్టరమ్మ చిన్నమ్మాయి, తమిళురాలు. "సార్, ఏదావదు సాప్పిట్టీంగళా?" అని అడిగింది. ఏమైనా తిన్నారా అని.

"నథింగ్, మేడమ్." ఆస్పత్రుల్లో నిజాన్ని ఇంగ్లీషులో చెబితే బరువెక్కువ.

గొట్టం మార్చింది. మళ్ళీ కీచు! నేలకు వేసిన ఫినాయిల్ వాసనేమోనని కిటికీలన్నీ తెరిపించింది. శానిటైజర్ సీసా బయట పెట్టించింది. వరుసలో ఉన్నవాళ్ళ తలల్లో మల్లెపూలు తీయించింది. చివరికి, నా నుదుటి మీది విభూతి కూడా తుడుచుకోమంది! తుడుచుకున్నాను. ఊదాను. కీచు!

"సార్, ప్లీజ్, బాగా గుర్తు చేసుకోండి."

ఇక నా ఓర్పు నశించింది. లేచి నిలబడ్డాను. హాలంతా వినేలా అన్నాను.

"అమ్మా, నా మాట మీద మీకు నమ్మకం లేనట్టుంది. నేను రాత్రి నుంచి మెతుకు ముట్టలేదు. పేస్ట్ ముట్టలేదు. కాఫీ వాసన కూడా చూడలేదు. పొద్దున కొండ మీద స్వామి తీర్థమూ, రెండు దొప్పల పంచామృతమూ తప్ప ఈ నోట్లోకి..."



"పంచామృతమా?" అంది డాక్టరమ్మ. "అందులో పచ్చకర్పూరం వేస్తారా?"

"దండిగా!" అన్నాడు బావ, తానే కలిపినట్టు గర్వంగా.

ఆమె కుర్చీలో కూలబడింది. యంత్రం ముక్కు నిండా కర్పూరం పట్టేసిందట. విప్పి శుభ్రం చేయాలి, ఈరోజుకు కాదు. రేపు అది కాంచీపురం క్యాంపుకు పోతుంది. మళ్ళీ వచ్చే నెలే. అన్నప్రాశన ఆ శుక్రవారమే!

"ప్రసాదం ఆహారం కాదమ్మా," అని వాదించాను.

"అది మురుగనుకు తెలుసు సార్. మిషన్‌కు తెలీదు."

వరుసలో నా వెనకున్న ఒకావిడ, మన తెలుగావిడే, తీయించిన మల్లెపూలు చేత్తో పట్టుకుని నా మీదికి వచ్చింది. "ఓ పెద్దాయనా! పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు గూడా తాగకుండా కూచోనుండాము. నువ్వు యాడనో పంచామృతం జుర్రుకొని, మా కడుపులు మాడ్చేదానికి వచ్చినావా?"

హాలంతా అవునంది. ఆ గొంతుల్లో మా బావ గొంతును కూడా గుర్తుపట్టాను.

తరువాత ఎవరెవరు ఏమయ్యారో చెప్పి ముగిస్తాను. శుక్రవారం కొండ మీద చిట్టికి మొదటి ముద్ద మా బావే పెట్టాడు, నార్మల్ రిపోర్ట్ జేబులో కనబడేలా పెట్టుకుని. ఇస్త్రీ పట్టుపంచెతో నేను పక్కనే నిలబడ్డాను. నా చేతికి ఏమిచ్చారనుకున్నారు? పంచామృతం గిన్నె! "తినేవు నాన్నా!" అని హేమ అందరిముందూ అంది.

మరుసటి నెల నిజమైన పస్తుతో వెళ్ళి ఊదాను. గీత పడుకుంది. నా కడుపులో ఏ క్రిమీ లేదట! పరగడుపు కాఫీ, ముక్కు మీద కోపం, మంటకు ఇవే కారణాలు కావచ్చంది డాక్టరమ్మ. నాకా కోపం? ఆ మాటకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. అంటే ఆ రెండు దొప్పలు నాకకపోయి ఉంటే, మొదటి ముద్ద నాదే.

డాక్టరమ్మ ఇప్పుడు హాలు వాకిట్లో బోర్డు పెట్టింది. "ప్రసాదం, తీర్థం కూడా తిండే" అని, తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. వైద్యశాస్త్రానికి నేను చేసిన సేవ అదొక్కటే. మల్లెపూలావిడ మొన్న ట్రైన్‌లో కనబడి, జరిగి చోటిచ్చి, "ఈ పొద్దన్నా ఏమైనా తిన్నావా పెద్దాయనా?" అని పరామర్శించింది. బావ పిలిచిన పెళ్ళిలోనూ పిలవని పెళ్ళిలోనూ ఈ కథే చెబుతున్నాడు.

హేమ ఇప్పుడు నన్ను ముద్ద పెట్టనిస్తోంది. చిట్టి ఎవరి చేతి ముద్దనైనా గుటుక్కున మింగేస్తుంది. నేను పెడితే మాత్రం, ముందు నా వేళ్ళు పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. ఒకసారి వాసన చూసి, నా ముఖం చూసి, అప్పుడు నోరు తెరుస్తుంది. ఇంకా ఊదమనలేదు, అదొక్కటే నాకు మిగిలిన గౌరవం.