పలక మీద దావీదు పేరు

యుద్ధం మూడో ఏట నన్ను బస్రా రేవులో ఒక పయనీరు కంపెనీకి హవల్దార్ క్లర్కుగా వేశారు. పయనీర్లంటే తుపాకీ కన్నా పార ఎక్కువ పట్టే సిపాయిలు. రోడ్లు వేయడం, ఓడల సరుకు దింపడం వాళ్ళ పని. వాళ్ళు ఇంటికి రాసే తెలుగు ఉత్తరాలు చదవడం నా పని. ఊరి పేరో ఓడ పేరో ఉంటే నల్లసిరాతో కొట్టేయాలి. బొమ్మ గీసి ఉంటే మాత్రం మా కెప్టెన్‌కు కూడా చూపకుండా పెద్ద సెన్సారు ఆఫీసుకు పంపాలి. ఆపిన సంగతి రాసినవాడికి చెప్పకూడదు.

తమ ఉత్తరాలు చదివేవాడితో ఎవరు మనసు విప్పి మాట్లాడతారు? నేను వెళ్ళి కూర్చుంటే టీ దగ్గర కబుర్లు ఆగిపోయేవి. నాతో కలిసి టీ తాగేవాడు దావీదు ఒక్కడే. మాది గిద్దలూరు, వాడిది మార్కాపురం. నలుగురిలో నన్ను "హవల్దార్ సాబ్" అనేవాడు, ఇద్దరమే ఉంటే "అన్నా" అనేవాడు.

దావీదు పలకల గనిలో కూలి చేసి వచ్చినవాడు. గని కూలీలు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బంటే వాడికి ప్రాణం. ఆటగాళ్ళ పేర్లు ఒక పెద్ద పలక మీద రాసి చర్చి గోడకు తగిలిస్తారట. ఊరు విడిచినవాడి పేరు కూడా ఉంచుతారు గానీ నెలనెలా ఉత్తరం రావాలి. మూడు నెలలు రాకపోతే తుడిచేస్తారు. దావీదు ఒక్క నెల తప్పలేదు. కంపెనీ జట్టులో ఆడమని సుబేదారు ఎంత అడిగినా, "నేను మా క్లబ్బోణ్ణి సాబ్, ఇంకో జట్టుకు ఆడను" అనేవాడు. ఆదివారాలు గోదాము గోడకేసి ఒంటరిగా బంతి తన్నుకునేవాడు.

ఒకసారి వాడి ఉత్తరంలో గీతలు, చుక్కలు, బాణాలు కనిపించాయి. కింద "ఎడమవైపు నుంచి చొరబడండి, వెనక ఇద్దరు కాపలా ఉండాల" అని రాశాడు. ఫుట్‌బాల్ ఆట నేనెన్నడూ చూసి ఎరగను. క్లబ్బు పేరు అడ్డం పెట్టుకుని వీడు ఇంకేదో నడుపుతున్నాడనుకున్నాను. తర్వాతి రెండు నెలలూ అదే వరస. మూడు ఉత్తరాలూ పెద్దాఫీసుకు పంపి, నా చురుకుదనానికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్ళకు దావీదు మార్కాపురం జాబు పట్టుకుని వచ్చాడు. దాన్ని నా బల్ల మీద పరిచాడు.

"ఏందన్నా ఇది? మూడు నెల్లు నేను రాయలేదంట. నా పేరు తుడిచేసినారంట. నేను రాసినా గదా, యాడికి పోయినాయి?"

"ఓడల్లో ఏమైపోయినాయో" అన్నాను. ఆ మాట నాచేత కొంత నిబంధన పలికించింది, ఎక్కువగా భయం పలికించింది.

వారం తిరక్కుండా ఉత్తరాలు మూడూ తిరిగొచ్చాయి. పైన ఒక్క ముక్క: "ఫుట్‌బాల్ ఆట. పంపవచ్చు." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పుడే టపాలో వేశాను గానీ, జవాబు రాకముందే దావీదుకు వేరే కంపెనీకి బదిలీ అయింది. పేరు మళ్ళీ రాశారో లేదో నాకు తెలియదు.

వాడు వెళ్ళేముందు సుబేదారు మళ్ళీ అడిగాడు, వాళ్ళే తీసేశారు కదా, ఇప్పుడైనా ఆడమని.

"తుడిచేసింది వాళ్ళు సాబ్, నేను గాదు" అన్నాడు దావీదు.

ఆ తర్వాత నేను ఒక్కణ్ణే టీ తాగాను. రూలు ప్రకారం నా తప్పేమీ లేదు. ఉత్తరం ఆపానని వాడికి చెప్పకూడదన్నారు గానీ, ఆ ఆట ఎట్లా ఆడతారని అడగొద్దని ఎవరూ అనలేదు. అన్నాళ్ళు పక్కన కూర్చుని ఆ ఒక్క మాట నేను అడగలేదు.