నాయన మాత్ర, అమ్మ ఒక్కపొద్దు

మొన్న హిందూపురంలో మా కాలేజీలో, ఎంజైములు లేకపోతే ఒంట్లో ఒక్క పనీ జరగదని నేను గొంతు చించుకుని చెబుతూ ఉంటే, వెనక బెంచీ అమ్మాయి లేచి, మరి ఎంజైమును ఆపేసే మాత్రలు మందులెట్లా అవుతాయి మేడం అని అడిగింది. రేపు చెబుతానులే, కూర్చో అన్నాను. జవాబు తెలియక కాదు. ఇదే ప్రశ్న పట్టుకుని ఒకప్పుడు నేనొక పెద్ద డాక్టరుతో పోట్లాడాను, ఆ పోట్లాటలో గెలిచానో ఓడానో నాకు ఈనాటికీ తేలలేదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రక్తంలో క్యాన్సరు అన్నారంటే ఇక చుట్టాలకు కబురు పెట్టడమే. నేను పెనుకొండలో కొత్తగా పాఠాలు చెబుతున్నాను, కనగానపల్లి దగ్గర మా ఊళ్లో శనక్కాయ పండించుకునే నాయనకు తెల్లకణాలు లెక్కకు మించి పెరిగాయన్నారు. నెలనెలా బెంగళూరు ప్రయాణం. నాయనా అమ్మా ధర్మవరంలో రైలెక్కేవారు, పెనుకొండలో నేను ఎక్కేదాన్ని, ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని అమ్మకూ నాకూ మొదలయ్యేది, మేము తేల్చుకునేలోగా నాయన అక్కడ కూర్చుని నిద్రపోయేవాడు.

ఆ డాక్టరు కన్నడం కలిసిన తెలుగులో ఓపిగ్గా చెప్పాడు. కణాల్లో కైనేజు అనే రకం ఎంజైములుంటాయట, పెరగమనీ చీలమనీ లోపలికి కబుర్లు మోయడం వాటి పని. నాయన రక్తంలో అట్లాంటిదొకటి తప్పుగా తయారై, ఎవరూ పంపకపోయినా పెరగమనే కబురు మోస్తూనే ఉందట. ఈ కొత్త మాత్ర పోయి దాని నోట్లో అడ్డంగా కూర్చుంటుందట. నేనూరుకుంటానా? ఎంజైమును ఆపేదాన్ని మా పుస్తకంలో విషం అంటారండీ అన్నాను. ఆయన నవ్వి, ఎవరి నోరు మూస్తున్నామన్నదే ఇక్కడ సంగతి మేడం అన్నాడు. ఆ మాట నన్ను చూసే అన్నాడని అమ్మ దారిపొడుగునా నవ్వింది.

నాయనకు అర్థమయ్యేట్టు బోరు మోటారుతో పోల్చి చెప్పాను. స్టార్టరు అతుక్కుపోయి మోటారు ఆగకుండా ఆడుతోందనుకో, మాత్ర దాని ఫీజు పీకుతుంది అన్నాను.

"ఫీజు ఒకసారి పీకితే సరిపాయ కదా పాపా, రోజూ పీకేదేంటికి?"

నిజమే కదా, ఏంటికి? డాక్టరునే అడిగాను. మాత్ర అరిగిపోతుంది, ఆ ఎంజైము మళ్లీ పుడుతుంది, బాగుందనిపించినా మధ్యలో ఆపవద్దు, పరగడుపున మాత్రం వేసుకోవద్దు, పొద్దున అన్నం తిన్నాకే వేసుకోవాలి అన్నాడు. ముగ్గురం తలలూపాం. అంటే జబ్బు పోయినట్టా, పోనట్టా అన్నది నాకు అర్థం కాలేదు, అర్థం కాలేదని ఒప్పుకునే అలవాటు అప్పటికీ ఇప్పటికీ నాకు లేదు.

నెలలు గడిచాయి. ఒళ్లు తేలికైంది గానీ కణాల లెక్క దిగవలసినంత దిగలేదు. చివరకు ఒక శనివారం డాక్టరు ముఖం ముడుచుకుని, ఇట్లాగే ఉంటే మందుకు లొంగని రకం కింద చూడవలసి వస్తుందన్నాడు. భయపడినప్పుడే నాకు నోరు ఎక్కువ ఆడుతుంది. మీ మాత్రే నకిలీదేమో అనేసి వచ్చాను.

తిరుగు రైల్లో ఇడ్లీ పొట్లం విప్పి నాయన ముందు పెట్టాను. పొద్దున రక్తం తీయాలని ఏమీ తినలేదు పాపం అనుకున్నాను. ఆయన పొట్లాన్ని మెల్లగా నావైపు జరిపాడు.

"ఈ పొద్దు శనివారం కదా పాపా, ఒక్కపొద్దు."

"మరి మాత్ర?"

"తిండి లేకుండా మింగొద్దని డాక్టరే కదా చెప్పినాడు. ఒక్కపొద్దు నాడు మింగను."

"రాత్రి తింటావు కదా, అప్పుడు?"

"అది సామికి పెట్టి తినేది. దాంట్లోకి మందు ఎట్ల కలిపేది?"

శనివారమే కాదు, సోమవారమూ అంతేనట, ఏకాదశి వస్తే అదీనట. ఈ ఒక్కపొద్దులు ఎప్పటినుంచి అంటే, జబ్బు అని తెలిసినప్పటినుంచి, అది పోవాలని. పోవాలని పట్టిన ఉపవాసమే మందుకు అడ్డం పడుతోందని, అటు సామి మాటా ఇటు డాక్టరు మాటా తు.చ. తప్పకుండా వింటున్న మనిషికి ఎట్లా చెప్పాలి? నేను అరిచాను. మొక్కు మానితే సామికి కోపమని ఆయన, మానకపోతే చస్తావని నేను. హిందూపురం వచ్చింది, పోయింది. ఎదురు సీట్లో వాళ్లు మధ్యవర్తిత్వానికి సిద్ధమవుతుండగా అమ్మ మా ఇద్దరినీ కసిరింది.

"రచ్చ చాలించండి. ఆ ఒక్కపొద్దులు నేను పడతా. నువ్వు తిని మాత్ర మింగు. సామికి ఎవురి కడుపు కాలితే ఏమి?"

నాయన ఇడ్లీ పొట్లం తనవైపు లాక్కున్నాడు.

ఆ తరువాత లెక్క దిగింది. డాక్టరు మాత్ర గెలిచిందన్నాడు, అమ్మ తన ఒక్కపొద్దులు ఆపలేదు. నాయన ఇంకా చాలా ఏళ్లు శనక్కాయ పండించి, ఆ జబ్బుతో కాక, ముసలితనంతో పోయాడు.

ఇప్పుడు ఆ మాత్ర కోసం ఎవరూ రైలెక్కనక్కరలేదు, ఫోను చేస్తే ఇంటికే వస్తుందట. నాకు పెనుకొండలో బండి ఎక్కి, కిటికీ పక్కన నిద్రపోతున్న నాయనను చూడాలని ఉంటుంది. నా దగ్గరే ఉంటున్న అమ్మకు ఇప్పుడు షుగరు, పస్తు పనికిరాదు. మొన్న శనివారం కంచం ముందు పెట్టి, నాయన పోయి ఇన్నేళ్లయింది, ఇంక ఎవరి కోసమమ్మా అని దెబ్బలాడాను. కంచాన్ని మెల్లగా నావైపు జరిపింది.

"బాగుండాదని మధ్యలో నిలపొద్దని మీ డాక్టరే కదా చెప్పింది?"

ఆ వెనక బెంచీ అమ్మాయికి నేనింకా జవాబు చెప్పలేదు.