గంజి పెట్టిన పాట

ఘాజియాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఉతికొచ్చిన దుప్పట్లను ఏరి మడతపెట్టే గదిలో పెర్సిస్ పదేళ్లుగా పనిచేస్తోంది. ఆమెకు ఆటిజం ఉంది. ట్యూబ్‌లైటు చేసే సన్నని రొద మరెవరికీ వినపడదు. ఆమెకు దవడ పళ్లలోకి దిగుతుంది. గుడ్డ చేతికి తగిలితే మాత్రం లోపల ఏదో మోగుతుంది. చాలాసార్లు ఉతికిన నూలు మెల్లగా మూలుగుతుంది, కొత్త పాలియెస్టర్ కీచుమంటుంది.

ఏడాదిన్నర కూర్చుని ఆమె ఎనిమిది మీటర్ల గుడ్డపట్టీ ఒకటి కుట్టింది. కళ్లు మూసుకుని అరచేయి జరుపుతూ వెళితే వాళ్ల తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన వరుసగా చేతికి అందుతుంది. చెప్పులు విడిచే మెట్ల దగ్గర గోనె, తబలాకు గుండీలు, మైకు గీ పెట్టినచోట గిన్నెలు తోమే పీచు, ప్రార్థనకు అరిగి అరిగి ఉందో లేదో తెలియని తెల్లనూలు. అక్కడక్కడ కొబ్బరినూనె, యాలకుల టీ వాసన. ఢిల్లీ జియా సరాయ్‌లో ఉండే స్నేహితురాలు ఇషిత ధ్వనులతో పనిచేస్తుంది. పట్టీ పక్కన నడవడానికి వేసే చెక్కల కింద, చెవికి కాక పాదాలకు తెలిసే సన్నని అదురును అమర్చింది. శనివారం బేర్ సరాయ్ దగ్గర ఒక చిన్న హాల్లో ప్రదర్శన.

బుధవారం పెర్సిస్ డ్యూటీ నుంచి వచ్చేసరికి పట్టీ మంచం మీద తళతళలాడుతోంది. తల్లి సరళకుమారి ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. నరసాపురంలో ఉన్నప్పటి నుంచీ ఇంట్లోంచి బయటికి వెళ్లే గుడ్డ ఏదైనా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపడం ఆమె పద్ధతి.

“పదిమంది చేతులు పెడతారు కదే, మాసిపోయి ఉంటే మనల్నే అంటారు” అంది సంబరంగా.

పెర్సిస్ అరచేయి ఆనించి, జానెడు జరిపి, తీసేసింది.

“మమ్మీ, పాట లేదు.”

“లేకపోడవేంటే? ఒక్క గుండీ కూడా ఊడలేదు, చూసుకున్నాను.”

“అంతా ఒకటే చప్పుడు. ప్లేటు మీద ప్లేటు.”

బాత్రూంలోకి వెళ్లి లైటు ఆర్పేసి తలుపు వేసుకుంది. గంటసేపు రాలేదు. సరళకుమారి భయపడి ఇషితకు ఫోన్ చేసింది.

ఇషిత వచ్చి పట్టీ మీద అరచేయి జరిపి చూసింది. తర్వాత హిందీలో అడిగింది: “ఆంటీ, దీన్ని మీరెప్పుడైనా ముట్టుకున్నారా?”

“ముట్టుకోకుండా ఎలా ఉతికాను బేటీ?”

ఇషిత తలుపు దగ్గరికెళ్లింది. “పెర్సిస్, శనివారం వద్దని చెప్పేయనా?”

“చెప్పొద్దు” అంది లోపలి గొంతు.

కాసేపటికి పెర్సిస్ బయటికొచ్చింది. కుట్టగా మిగిలిన ముక్కల డబ్బా తెరిచి, తల్లిని కళ్లు మూసుకోమని, గంజి తగలని తెల్లనూలు ముక్క మీద ఆమె చెయ్యి పెట్టించింది.

“ఇక్కడ పాస్టరు గారు తలలు వంచమంటారు. అందరూ ఆగిపోతారు. ఫ్యాన్ ఒక్కటే ఉంటుంది.”

సరళకుమారి చెయ్యి తీయలేదు. చర్చిలో చివరి వరుసలో కూర్చుని కూతురు పక్కవాళ్ల కొంగుల్ని నలుపుతుంటే, అందరూ చూస్తున్నారని ఆ చెయ్యి లాగేసిన ఆదివారాలు ఎన్నో.

“అయితే వింటానే ఉన్నావన్నమాట” అంది.

“వినకపోతే ఎలా కుడతాను?”

గురు, శుక్రవారాలు పెర్సిస్ సెలవు పెట్టింది. పట్టీని మంచినీళ్లలో మూడుసార్లు నానబెట్టి, నీడన ఆరేసి, ఇద్దరూ నలిపారు. నూనె, టీ మళ్లీ అద్దారు. గోనె, పీచు దారికొచ్చాయి. ప్రార్థన మాత్రం రాలేదు; డబ్బాలో మిగిలిన తెల్లనూలు ముక్క దానికి చాలదు. సరళకుమారి తన పాత నూలు చీరలన్నీ తెచ్చి ముందు పోసింది. పెర్సిస్ ఒక్కొక్కటే చెంపకు ఆనించుకుంది.

“కాదు. కాదు. ఇది మంగళవారం.”

“మంగళవారమేంటే, నీ మొహం!”

“ఇంటిది. చర్చి కాదు.”

అడుగున ఉన్నది సరళకుమారి తెల్ల డ్యూటీ చీర. జ్ఞాపకంగా ఉంచుకున్నది.

“ఇది” అంది పెర్సిస్.

సరళకుమారి కత్తెర తనే అందించింది. “కొంగు మాత్రం వదిలెయ్యవే.”

“కొంగే కావాలి.”

“అచ్ఛా, తీసుకో.”

శనివారం హాల్లోకి మొదట వెళ్లింది సరళకుమారే. జనం ఉంటారని పెర్సిస్ బయట మెట్ల మీదే కూర్చుంది. తల్లి బయటికొచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

“ఎన్ని నిమిషాలు?”

“పద్నాలుగంది ఇషిత.”

“నేను తొమ్మిది అనుకున్నా. మెల్లగా వెళ్లావు. థాంక్యూ మమ్మీ.”

సరళకుమారి కూతురికి తగలకుండా జానెడు ఎడంగా కూర్చుని తల వంచింది. “ప్రభువా, నీకు వందనాలు.”

“నాక్కూడా చెప్పు.”

“నీకూ వందనాలే తల్లీ.”

అప్పుడే మెట్లెక్కిన ఒకతను గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి శానిటైజర్ సీసా తీశాడు. సరళకుమారి గభాల్న లేచింది.

“భయ్యా, అది వద్దు. లోపల వాసనలున్నాయి, చెడిపోతాయి. చేతులు అలాగే ఉండనివ్వండి.”