సత్యక్క చెప్పిన స్కిన్ కలర్

నిన్న పొద్దున్నే, ఇక్కడ కువైట్‌లోనే సత్యక్క ఉండే రిగ్గై నుంచి ఫోన్. "సత్యక్క పోయిందే. నిద్రలోనే గుండె ఆగిపోయిందంట."

నమ్మలేదు. కోపం కూడా వచ్చింది. మొన్ననే కదా వాయిస్ మెసేజ్ పెట్టింది!

"రెండో పుస్తకం ప్రెస్‌కి ఇచ్చేశానే! ప్రూఫ్ చూడ్డానికి సబ్హాన్‌లో ప్రెస్‌కి వెళ్దాం, చిన్నిని తీసుకురా!"

తెలియనివాళ్ళ కోసం. సత్యక్కది మా కోనసీమే. పగలంతా పార్లర్‌లో ఫెయిర్‌నెస్ ఫేషియల్స్. ఇంటికొస్తే పిల్లల బొమ్మల పుస్తకాలు గీయడం.

దీనికంతటికీ కారణం మా అమ్మాయి చిన్నే. ఓసారి అక్క మా ఫింటాస్ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు చిన్ని తన బొమ్మ గీసుకుని, ముఖానికి లేత గులాబీ పెన్సిల్ రుద్దుతోంది.

"ఇది స్కిన్ కలర్, పెద్దమ్మా."

"ఎవరి స్కిన్నే తల్లీ అది? నీదా, నాదా?"

ఒకటే నవ్వు. వెళ్తూ వెళ్తూ అక్క ఆ పెన్సిల్ పట్టుకుపోయింది!

తర్వాత మొదటి పుస్తకం వచ్చింది. అందులో పెద్ద కథేం లేదు. చామనఛాయ పిల్ల జడ వేయించుకుంటుంది. స్కూల్ బస్సు కోసం పరిగెడుతుంది. ఖుబ్జ్ రొట్టెలో ఆవకాయ పెట్టుకుని తింటుంది. అంతే! చిన్ని ఆ పుస్తకం పక్కన లేకుండా పడుకునేది కాదు.

ఆ పుస్తకం ప్రూఫ్ రోజు మర్చిపోలేను. ప్రెస్‌లో కడప తమ్ముడు గొప్పగా చూపించాడు. "అక్కా, పాప శానా నల్లగా పడిండాది. నేనే రవ్వంత తెల్లగా చేసినా."

"నీ ఇల్లు బంగారం కానూ! పార్లర్‌లో పొద్దస్తమానం నేను చేసే పని అదే కదయ్యా! పుస్తకంలో అయినా పిల్లని దాని రంగులో ఉండనీ!"

అక్క చిన్ని చెయ్యి పట్టుకుని కాగితం మీద పెట్టింది. "ఇదిగో, స్కిన్ కలర్ అంటే ఇది."

"ఖలాస్ అక్కా, మార్చేస్తా" అని అతనూ నవ్వేశాడు.

ఇప్పుడు రెండో పుస్తకం. అక్క లేదు. మళ్ళీ ఎవరైనా తెల్లగా చేసేస్తే? ఆ భయంతోనే ఈ పొద్దున చిన్నిని తీసుకుని సబ్హాన్ వెళ్ళాను.

కడప తమ్ముడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రంగు ముట్టుకోలేదక్కా" అంటూ ప్రూఫ్ పరిచాడు.

అబ్బ, ఎంత బాగుందో! అన్నాచెల్లెళ్ళు మిట్టమధ్యాహ్నం సముద్రంలో గంతులేస్తున్నారు. "ఎండలో నల్లబడతారు, లోపలికి రండి" అనే అమ్మ ఒక్కతీ లేదు!

ఎవరూ చెప్పకుండానే చిన్ని తన చెయ్యి బొమ్మ పక్కన పెట్టింది.

"అమ్మా! స్కిన్ కలరే!"

ప్రెస్ అంతా వినబడేలా అరిచింది. నేను ఏడుస్తూనే నవ్వాను.

హాయిగా పడుకో అక్కా. నీ ఆత్మకి శాంతి కలగాలి.

రంగు సంగతి చిన్ని చూసుకుంటుంది.