జీపు వెనక కన్ను

విశాఖ నుంచి రాయగడ వచ్చే రైల్లో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో పక్కనున్నావిడ అడిగేదాకా నాకే తెలియలేదు.

"అందులో ఏటుందమ్మీ, బంగారమేటి?"

"కాదండి, కన్ను" అన్నాను.

ఆవిడ కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

అది జీపు వెనక బిగించే కెమెరా. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయినా, మా రాయగడలో అలాంటిదొకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. నేనప్పటికి డిప్లొమా ముగించి, మా కిరాణా కొట్టులోనే ఓ మూల బల్ల వేసుకుని టీవీలు బాగుచేస్తున్నాను. కొత్త వైరు చూస్తే చాలు, నా చేతులు ఊరుకునేవి కావు. ఈసారి మాత్రం సరదా కోసం కాదు, మా నాన్న జీపు కోసం.

ఆ జీపంటే ఆయనకు ప్రాణం. వారంలో ఒకరోజు లక్ష్మీపూర్ సంత, ఒకరోజు కాశీపూర్ సంత. ఉప్పు బస్తాలు, బెల్లం, సబ్బులు, నూనె డబ్బాలు టాపు దాకా నింపుకుని, ఘాటీ కొండదారి ఎక్కి, వానాకాలంలో బురదలో నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ వెళ్లేవాడు. ముందుకు పోవడంలో ఆయనకు సాటి లేరు. వెనక్కి రావడమే చిక్కు. సరుకు నిండితే లోపలి అద్దంలో ఉప్పు బస్తా తప్ప ఏమీ కనిపించదు. పైగా వెనక తలుపు మీద పెద్ద స్టెప్నీ ఒకటి. అందుకే పెళ్లైన దగ్గర్నుంచి అమ్మ కూడా సంతలకు వెళ్లేది. జీపు వెనక నిలబడి అరచేత్తో రేకు మీద ఒక్కటి చరిస్తే 'రా' అని, గబగబా రెండు చరిస్తే 'ఆగు' అని. సంత గోలలో మాట వినపడకపోయినా ఆ చప్పుడు వినపడేది. అమ్మ వెనకుంటే నాన్న కళ్లు మూసుకునైనా బండి పెట్టేవాడు.

ఆ ఏడు అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. జీపు ఎక్కలేకపోయింది. నాన్న ఒక్కడే లక్ష్మీపూర్ వెళ్లాడు. అక్కడ మా చోటు పల్లంలో ఉంటుంది, కల్వర్టు గోడకీ అల్లం అమ్మే ఆవిడ గోనెపట్టాకీ మధ్య. వెనక్కి వస్తుంటే ఎవరో కేకేశారట. నాన్న బ్రేకు తొక్కేసరికే చక్రం కింద అల్లం నుజ్జయిపోయింది. ఆవిడ చప్పున లేచి తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించాడు, మళ్లీ తీయలేదు. అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

మాతోపాటే ఉండి హోల్‌సేలు వ్యాపారం చూసుకునే చిన్నాన్న మాత్రం విప్పాడు.

"జీపు అమ్మేద్దాం అన్నియ్యా. సంతలు మానేసి కొట్లో కూసో. ఎవరి పేణమైనా పోతే ఏటి సేస్తావు?"

ఆ మాటలో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే నాకు ఒళ్లు మండింది. నాన్న గల్లాపెట్టె వెనక కూర్చుని వీధిలో పోయే ప్రతి జీపునూ తల తిప్పి చూస్తుంటే నా చేతిలో పని ఆగిపోయేది. ఒకరోజు పట్టలేక అనేశాను: వెనక కనిపించకపోవడమే కదా జబ్బు, కనిపించేలా నేను చేస్తాను.

చిన్నాన్న నవ్వాడు. "సరేలే అమ్మీ, నీ టీవీ ఎట్టుకో. లక్ష్మీపూర్ సంతలో నా ఎదర అన్నియ్య ఎవరి సాయం నేకండా బండి ఎనక్కెడితే ఉంచుదాం. నేదంటే అమ్మేద్దాం."

నాన్న మేకుకున్న తాళంచెవి వైపు ఒకసారి చూశాడు. నాకది చాలు.

స్టెప్నీ పైన ఇనుప పట్టీ వేసి కెమెరా బిగించాను. వైరును టాపు అంచు వెంట లాక్కొచ్చి, రివర్స్ లైటుకు కలిపాను. గేరు వెనక్కి వేస్తే చాలు, స్టీరింగు పక్కన అరచెయ్యంత తెర వెలగాలి. వెలిగింది! కాకపోతే మా కోళ్లు ఆకాశంలో తలకిందులుగా నడుస్తున్నాయి. కెమెరాను తిరగేసి బిగించానన్నమాట. నాలో నేనే నవ్వుకుంటూ సరిచేసేసరికి మా పెరడు, నుయ్యి, దండెం మీద చీరలు అన్నీ నిటారుగా నిలబడ్డాయి. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

అమ్మ కుంటుకుంటూ వచ్చి తెర వంక చూసింది. "ఇందులో నాను కనిపించనేటి?" అంది. వెనక్కి వెళ్లి నిలబడమన్నాను. నిలబడింది. మోకాళ్ల మాటే మరిచిపోయి గబగబా ముందుకొచ్చి చూసింది.

"ఏదీ? ఖాళీగుందేటి?"

నాన్న పగలబడి నవ్వాడు. ఎన్నాళ్లకో ఆయన నవ్వు వినేసరికి సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అయితే ఇది ఎనకంతా సూస్తాదా?" అని అడిగింది అమ్మ.

"నీకంటే బాగా చూస్తుంది!" అన్నాను గొప్పగా. అమ్మ ఆ కెమెరా దగ్గర కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోయింది.

సంతకు ముందురోజు విశ్వకర్మ పూజ వచ్చింది. మా తెలుగువాళ్లు బళ్లకు దసరాకు పూజ చేస్తారు, ఒడియావాళ్లు విశ్వకర్మ పూజకు చేస్తారు. మా అమ్మ రెండూ వదలదు. జీపు కడిగించి పసుపు, కుంకుమ, బంతిపూల దండలతో పెళ్లికూతుర్ని చేసింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. చిన్నాన్న కిటికీ పక్కన, నేను మధ్యలో గేరు రాడ్డు దగ్గర ఇరుక్కుని. వాన వెలిసిన ఘాటీ రోడ్డు మీద బురదను చీల్చుకుంటూ జీపు ఎక్కుతుంటే, స్టీరింగు మీద నాన్న వేళ్లు తాళం వేస్తున్నాయి. నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

లక్ష్మీపూర్లో మా చోటు ముందు బండి ఆపి, నాన్న రివర్స్ గేరు వేశాడు. తెర వెలిగింది. తెర నిండా పసుపు, మధ్యలో ఎర్రగా ఓ గుండ్రం. ఇంకేమీ లేదు.

"ఇదేటి అమ్మీ, సూర్యుడు పొడుస్తన్నాడేటి?" అన్నాడు చిన్నాన్న.

నేను తెరను వేలితో తట్టాను. నాన్న ముఖం అల్లం నలిగిన సాయంత్రంలా అయిపోయింది. ఇంజను ఆపేయబోతున్నాడు. "ఆగు నాన్నా!" అని చిన్నాన్న మోకాళ్ల మీదుగా దూకి వెనక్కి పరుగెత్తాను.

కెమెరా అద్దం నిండా దట్టంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. లైట్లకూ స్టీరింగుకూ చక్రాలకూ పెట్టిన మా అమ్మ, కొత్తగా వచ్చిన కంటిని వదులుతుందా! సీసాలోని నీళ్లు పోసి చున్నీతో బరబరా తుడిచాను. నేనేం చేస్తున్నానో చూద్దామని అల్లం ఆవిడ వచ్చి, అద్దంలోకి ముఖం పెట్టేసింది. ముందు నుంచి నాన్న నవ్వు వినిపించింది. తెర నిండా ఆవిడ ముక్కుపుడకలేనట!

"ఘుంచ్ మా, ఘుంచ్!" అని నాన్న ఒడియాలో తప్పుకోమన్నాడు. ఆవిడ నవ్వుతూ తప్పుకుని గోనె అంచు కూడా లాక్కుంది. సాయం చేశానని చిన్నాన్న అనకుండా నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. జీపు మెల్లగా, వంకర లేకుండా పల్లంలోకి దిగింది. అటు గోడకీ ఇటు అల్లానికీ తగలకుండా వచ్చి ఆగింది. నేను ఈల వేశాను, సంతంతా తిరిగి చూసేలా!

చిన్నాన్న దిగి చక్రాల చుట్టూ తిరిగి చూశాడు. "సర్లే, ఉంచుదాం" అని మొదటి బస్తా తనే దించాడు. నాన్న అల్లం ఆవిడ దగ్గర మా ఇంటికి ఏడాదికి సరిపడా అల్లం కొన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే ఉంది. దిగుతూనే విరుచుకుపడ్డాను. "కంటికి ఎవరైనా పసుపు మెత్తుతారా అమ్మా? కొంప మునిగేది!"

"ఇన్నేళ్లూ ఈయన ఎనకాల నాను సూసేను. ఇకమీదట అది సూస్తాది" అంది అమ్మ. "మా ఆయన్ని జాగర్తగా సూసుకో తల్లీ అని బొట్టెట్టి దండం ఎట్టుకున్నాను. తప్పేటి?" అని ముఖం పక్కకు తిప్పుకుంది.

నాన్న ఇంకా స్టీరింగు దగ్గరే ఉన్నాడు. జీపును పెరట్లోకి వెనక్కి పెట్టాలి. గేరు వేశాడు, తెర వెలిగింది. పెరడంతా చక్కగా కనిపిస్తోంది, నేను చూశాను. నాన్న భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేసి, తల బయటపెట్టాడు.

"ఏమే, ఎనక్కి రా. నాకేటీ కనపడ్డం నేదు."

అమ్మ మోకాలు పట్టుకుని జీపు వెనక్కి నడిచింది. అరచేత్తో రేకు మీద ఒక్కటి చరిచింది.