ఇంకొక్కసారి అంబాదాస్

సోలాపూర్ దాజీ పేట్‌లో సినిమా అంబాదాస్‌ను ఎరగనివాళ్లు లేరు. అతని సినిమా పేటలో చూసినవాళ్లూ లేరు. కారణం ఒక్కటే, ‘అయిపోయింది’ అనే మాట అతని నోట రాదు. ఏది తీసినా, ఎంత బాగా వచ్చినా, కెమెరా వెనక నుంచి తల బయటపెట్టి, ‘‘ఇంకొక్కసారి’’ అంటాడు.

తీసేవి హీరోలూ పాటలూ ఉండే సినిమాలు కావు, డాక్యుమెంటరీలు. మూతబడ్డ మిల్లులు, బీడీ కార్ఖానాలు, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతగాళ్ల చరిత్ర. ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా అంబాదాస్ అక్కడుంటాడు, భుజం మీద గోడగడియారంలా కీ ఇచ్చే పాత కెమెరా ఉంటుంది.

ఒకసారి మిల్లు గేటు ముందు ధర్నా చేసి, గొంతులెండి కార్మికులు ఇళ్లకు బయల్దేరుతుంటే అడ్డంగా నిలబడ్డాడు.

‘‘అన్నలారా, ఎండ లెన్సు మీద పడ్డది. ఇంకొక్కసారి జిందాబాద్ అనుండ్రి.’’

‘‘అరె, గంట సేపటి సంది అంటనే ఉన్నం గదనే!’’ అన్నాడు వాళ్ల నాయకుడు పెంటప్ప.

‘‘అది మిల్లు మాలక్ కోసం. ఇది చరిత్ర కోసం.’’

చరిత్ర అనేసరికి కాదనలేక మళ్లీ అరిచారు. గొడవ సద్దుమణిగిందని కారెక్కబోతున్న మేనేజరు రెండో జట్టు దిగిందనుకుని హడలిపోయి, మాట్లాడుకుందాం రమ్మని తానే గేటు దాకా వచ్చాడు. అంబాదాస్ ఆయన్నీ వదల్లేదు. ‘‘సాబ్, కారు కాన్నుంచి ఇంకొక్కసారి నడిచి రాండ్రి’’ అన్నాడు. పెంటప్ప కూతురి పెళ్లిలో పెళ్లికొడుకును ఇంకొక్కసారి తాళి కట్టమన్న రోజున మాత్రం చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది.

ఇలాంటి మనిషి చేతికి యమునాబాయి చిక్కింది. ఆమె చేతికే అతను చిక్కాడేమో, చెప్పడం కష్టం.

యమునాబాయి అరవై ఏళ్ల మనిషి, బీడీలు చుడుతుంది. భర్త నరసయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఉన్న ఒక్క గదికీ రెండు పక్కలా పవర్‌లూమ్‌లే. అవి నడుస్తున్నంతసేపు పక్కన కూర్చున్నవాళ్లతో కూడా చేతులతో సైగ చేయాల్సిందే. గురువారం కరెంటుండదు, మరమగ్గాలు ఆగుతాయి. పేటంతా సినిమాకో నిద్రకో పోతుంది. మాట వినపడే ఆ ఒక్క రోజూ మాట్లాడే మనిషి ఉండడు. ఆ నిశ్శబ్దమంటే యమునాబాయికి మగ్గాల చప్పుడు కన్నా భయం.

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఒక గురువారం అంబాదాస్ వచ్చి, చిన్నప్పుడు సిరిసిల్ల వైపు నుంచి ఇంత దూరం ఎలా వచ్చారో చెప్పమన్నాడు. బీడీలు చుడుతూ చెప్పింది. ఎడ్లబండి, నాయన నెత్తి మీద మగ్గం సామాను, దారిలో వాగు, వాగు ఒడ్డున తమనే చూస్తూ నిలబడ్డ నక్క.

‘‘మస్తుంది అత్తా. ఇంకొక్కసారి.’’

వచ్చే గురువారం అదే మాట, ఆపై గురువారమూ అదే. ఒకసారి వెలుతురు చాలలేదు, ఒకసారి కుక్క మొరిగింది, ఒకసారి ఎదురింటి యశోద కుక్కర్ కూత పెట్టింది.

‘‘ఏందిరా నీ తమాషా! గీ వాగు ఎన్నిసార్లు దాటాలె నేను?’’ అని తిట్టేది యమునాబాయి. తిడుతూనే చహా పెట్టేది. బుధవారం రాత్రే ఇల్కల్ చీర మడత విప్పి ఉంచుకునేది. నడుం నొప్పని అతను మూలిగితే కొబ్బరినూనె సీసా చేతికిచ్చేది. సినిమా తొందరగా కావాలని పైకి అనేది గానీ, అది నిజంగా అయిపోతే గురువారాలు ఏం కావాలన్న దిగులు ఆమెను వదిలేది కాదు.

అందుకని ఆమె కూడా కొంత సాయం పట్టింది. చెప్పిందే చెబితే అతనికి విసుగొస్తుందని కథను పెంచుకుంటూ వచ్చింది. వాగు నది అయింది. నది కాస్తా వరదై పొంగింది. నేతగాళ్ల కులదైవం మార్కండేయుడి రథం ఊరేగిన వారం, తొంభై ఒకటిలో, నక్క పులి అయింది. పులి వచ్చిన రోజు యశోద కూడా కుక్కర్ వదిలేసి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

తొంభై నాలుగులో వెనక సందు పంతులమ్మ విజయ భివండిలో చెల్లెలింటికి వెళ్లొచ్చి, పరుగున వచ్చింది.

‘‘యమునత్తా! నిన్ను సినిమాల చూసిన! భివండిల, యూనియన్ హాల్ల. అందరు ఏడ్చిండ్రు తెలుసా!’’

యమునాబాయి చేతిలో బీడీ ఆగింది. ‘‘నిజమా? పులి కాడ భయపడ్డరా మరి?’’

‘‘పులేంది? నక్క గద అత్తా.’’

‘‘నక్కనా?’’

‘‘హా, నక్కనే. బరాబర్ యాదికుంది.’’

విజయ వెళ్లాక యమునాబాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పులి వచ్చి మూడేళ్లు. అంటే పులి రాకముందే సినిమా తయారైపోయింది. మూడేళ్లుగా ఇల్కల్ చీర కట్టుకుని ఎవరికి చెప్పినట్టు? తనను పిచ్చిదాన్ని చేశాడని కోపమొచ్చింది. ఆ కోపం కన్నా, సంగతి బయటపడింది కాబట్టి ఇక రాడేమోనన్న భయం ఎక్కువైంది. ఆ వారం ఆమె చుట్టిన బీడీలకు దారం సరిగా పడలేదు.

గురువారం అంబాదాస్ వచ్చాడు. కెమెరా దించి కీ తిప్పాడు. ‘‘షురూ చెయ్యి అత్తా.’’

‘‘డబ్బా తెరువు.’’

‘‘ఏ డబ్బా?’’

‘‘గా కెమెరా తెరువు. రీలు చూపియ్యి.’’

అంబాదాస్ తల గోక్కున్నాడు, గోడ మీద నరసయ్య ఫోటో వైపు చూశాడు, చివరికి తెరిచాడు. లోపల ఏమీ లేదు.

‘‘మూడేండ్లు ఖాలీ డబ్బా మోసినవా? నడుం నొస్తదంటే సీసాలకు సీసాలు నూనె ఇచ్చిన గదరా!’’

‘‘నడుం మాత్రం నిజంగనే నొచ్చింది అత్తా.’’

‘‘మాట మార్చకు. ఎందుకు చెప్పలే?’’

అతను నేల చూశాడు. ‘‘సినిమా ఒడిసిందని చెప్దామనే వచ్చిన ఒక గురువారం. నేను నోరు తెరవకముందే నువ్వన్నవ్, ‘వారంల నా ఆవాజ్ నాకు ఇనొచ్చేది గీ ఒక్క దినమే అంబాదాసూ’ అని. గప్పుడు కుక్క మొరిగిందని చెప్పిన. కుక్క మొరగలే.’’

యమునాబాయి లేచింది. స్టవ్వు దగ్గరికి వెళ్లి అక్కర్లేకపోయినా చహా గిన్నె మళ్లీ కడిగింది. అటు తిరిగే అడిగింది.

‘‘ఇంట్ల నీకు వంట ఎవరు చేస్తరు?’’

ఆరేళ్లలో ఆమె కూడా ఎన్నడూ అడగని మాట. నీలం నగర్‌లో అద్దె గది, సినిమా డబ్బాలు, రెండు పూటలా ఖానావళిలో డబ్బిచ్చి తినే భోజనం, అంతే అతని సంసారం. ఇతరుల చరిత్ర అడిగే మనిషికి తనది చెప్పడం రాలేదు.

‘‘ఎవరు లేరు అత్తా.’’

‘‘మరి వచ్చే వారం వస్తవా రావా?’’

‘‘సినిమా అయిపోయింది గద. ఏం బహానా జెప్పుకోని రావాలె?’’

‘‘పడుగు ఒడిసిందని మగ్గం ఇప్పుతరా? పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలేసి అచ్చు అతుకుతం. నేసేటోని కొడుకువు, గా సంగతన్న ఎరుక లేదా? గా డబ్బా ఇంట్ల పెట్టి రా. ఇక్కడనే తిందువు.’’

తర్వాతి గురువారం అంబాదాస్ ఒట్టి చేతులతో వచ్చాడు. జొన్నరొట్టె తిన్నాడు. తిన్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చూడలేక యమునాబాయి తడిపిన తునికాకు కట్ట, కత్తెర, కొలతకు రేకు ముక్క అతని ముందు పడేసింది. సాయంత్రం దాకా నాలుక బయటపెట్టి మరీ కత్తిరించాడు. కత్తిరిస్తూ తన తల్లి గురించి చెప్పాడు, మొదటిసారి.

ఆకుల్లో ఒక్కటీ కొలతకు రాలేదు. యమునాబాయి వాటిని చీపురుతో ఊడ్చేసి, రేపటి కోసం తడిపి ఉంచుకున్న ఇంకో కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.