విరిచిన అక్షం

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను కాలంతో మారే రెండు ఫంక్షన్లను పోల్చాలి. ఒకటి సున్నాకు అటూ ఇటూ ఊగే చిన్న అల. రెండోది కూడా అలాంటిదే, కానీ వంద దగ్గర ఊగుతుంది. రెండింటినీ ఒకే గ్రాఫులో చూపించమన్నారు మా గైడు. తీరా సున్నా నుంచి వంద దాకా పట్టేలా గీస్తే, మధ్యంతా ఖాళీగా ఉండి, రెండూ సాపుగా పడుకున్న గీతల్లా కనిపించాయి. మర్నాడే విశాఖపట్నం వెళ్లి ఆయనకు చూపించాలి. చోడవరంలో మా ఇంట్లో, ఏడుపొక్కటే తక్కువగా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మా అక్క నా భుజం మీదుగా తొంగిచూసింది. తను లెక్కల టీచరు.

"మధ్యలో ఏటీ నేదు కదే. అంత ఖాళీ ఎందుకు? తీసెయ్."

"తీసేస్తే మోసం కాదేటక్కా?"

"తీసేసేనని సెప్పకపోతే మోసం. అక్కడ అక్షం విరిగిందని గుర్తెట్టు."

ఒకే స్కేలుతో గ్రాఫును రెండు ముక్కలుగా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్య అంచులు చెరిపేశాను. నిలువు అక్షం తెగినచోట రెండు చిన్న ఏటవాలు గీతలు పెట్టాను. అప్పుడు కనిపించింది. కింది అల లేచిన కాసేపటికి పై అల లేస్తోంది. నా ప్రాజెక్టు చెప్పాలనుకున్నదంతా అదే.

మర్నాడు గైడు ఆ గీతల మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు.

"మధ్య ఖాళీ తీసేసేను సార్. కింద రాసేను కూడా."

ఆయన అది చదివి, తలూపి, పేజీ తిప్పేశారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చోడవరం వచ్చిందని కండక్టరు లేపేదాకా నాకు మెలకువ రాలేదు.